ఎరుపు పడని ముఖం

తెప్ప విరిగి తలో ముక్కా తలో దిక్కుకు కొట్టుకుపోయింది. చేతికందిన దుంగను పొట్ట కిందికి లాక్కుని హర్షకేతుడు వెనక్కి తిరిగి చూశాడు. అలల నడుమ నల్లటి వీపు ఒకటి, నీట మునిగిన కొండచరియ కదిలివచ్చినట్టు, తన వైపే వస్తోంది. బరిసె ఒక్కటి చేతిలో ఉంటే పెద్దపులిని నిలవేసిన మరాళదేశ యువరాజు, ఆ పూట చేతిలో పుల్లయినా లేకుండా సముద్రమకరానికి ఎరగా మిగిలాడు.

అయితే అతన్ని చూస్తే మరాళదేశంలో ఎవరూ యువరాజు అనుకోరు. వేటలో పరివారానికి దూరమై ఒంటరిగా దొరికిన అతని మీద ధూమ్రకేశుడనే మాంత్రికుడు భస్మం చల్లి, అతని ముఖాన్ని దొంగిలించి తాను తొడుక్కున్నాడు. బదులుగా మశూచి మచ్చలూ వంకర ముక్కూ ఉన్న నడివయసు ముఖం ఒకటి అతనికి అంటించాడు. గొంతు కూడా మార్చేశాడు. "నువ్వెవరివో నీ నోటితో చెప్పినా, నీ చేత్తో రాసినా, విన్నవాళ్ళూ చదివినవాళ్ళూ ఉన్నచోటనే రాళ్ళయిపోతారు. ఇక ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో" అని నవ్వి, యువరాజు గుర్రమెక్కి రాజధానికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి హర్షకేతుడు దేశాలు పట్టి తిరిగాడు. ఆగ్నేయ సముద్రంలోని ద్వీపాలలో మాయను గుర్తుపట్టగలవారు ఎవరో ఉన్నారని విని, తెప్ప కట్టుకుని బయలుదేరాడు. ఇప్పుడా తెప్ప కూడా లేదు.

మకరం నోరు తెరిచింది. రంపాల్లాంటి దంతాల వరసల వెనక గుహంత గొంతు కనిపించింది.

"తల వంచు నాయనా" అన్న మాట గాలిలో తేలివచ్చింది.

అతను తల వంచాడు. ముంగొమ్ముకు రెండు పెద్ద కళ్ళు చిత్రించిన పడవ ఒకటి అలమీంచి జారివచ్చి అతనికీ మకరానికీ నడుమ నిలిచింది. అందులో వెండితీగల్లాంటి జుట్టు ముడివేసుకున్న ఒక వృద్ధురాలు కాళ్ళు ఎడంగా తన్నిపట్టి నిలబడి, పొడవాటి తెడ్డును మకరం దవడల నడుమ నిలువుగా దిగవేసింది. మృగం తల విదిలించింది. తెడ్డు పుల్లలా విరిగి, దాని మొదలు ఎగిరివచ్చి ఆమె కుడి మణికట్టును తాకింది. ఎముక చిట్లిన శబ్దం హర్షకేతుడికి వినిపించింది. ఆమె మాత్రం పెదవి కొరుక్కుని, ఎడమచేత్తో కాళ్ళ దగ్గరున్న కూజాను ఎత్తి, అందులోని ఘాటైన తైలాన్ని మకరం నోట్లో కుమ్మరించింది. మకరానికి గొంతు మండిందేమో, ఒక్క పొర్లు పొర్లి సముద్రగర్భంలోకి దిగిపోయింది.

"సరళవృక్షాల తైలం. రంగులు పలచన చేసుకోవడానికి తెచ్చుకున్నాను. పోనీలే, చెట్లున్నాయి, మళ్ళీ తీసుకోవచ్చు" అందామె, అతన్ని జుట్టు పట్టి పడవలోకి లాగుతూ.

ఆమే వర్ణావతి. ఆమె చిత్రించిన పండ్ల మీద చిలకలు వాలి ముక్కులు నొప్పి పెట్టుకున్నాయని నావికులు దేశదేశాల్లో చెప్పుకునేవారు. గోడల మీద సున్నపు పూతలో నీటిరంగులు వేసేవాళ్ళు ప్రతి రాజ్యంలోనూ ఉన్నారు. బట్ట మీద నూనె రంగులతో మనుషులను నిలబెట్టే విద్య మాత్రం ఆ సముద్రం మీద ఆమెకొక్కతెకే తెలుసు.

ఆమె ఉండే ద్వీపం దూరం నుంచి చూస్తే ఎవరో సముద్రం మీద ఆరబెట్టిన రంగుల చీరలా ఉంది. ఒక పక్క ఎర్రమన్ను కొండ, దాని ఒడిలో పసుపుమట్టి గనులు, నీలిరాయి మెరిసే వాగు, ఒడ్డు పొడుగునా అవిసె చేల నీలిపూలు. ఇంటి ముంగిట రాతిపలకల మీద ఎర్రటి ఇంగిలీకం, కావిరంగు గైరికం, తెల్లటి సఫేదా ముద్దలుగా నూరిపెట్టి ఉన్నాయి. గాలిలో అవిసెనూనె కమ్మటి వాసన. దొంగముఖం మోస్తూ తిరిగిన ఇన్ని నెలల్లో హర్షకేతుడికి ప్రాణం కుదుటపడింది అక్కడే.

ఆమె మణికట్టుకు అతనే వెదురుబద్దలు వేసి కట్టాడు. ఉదయపు వెలుతురులో ఎదురుగా కూర్చుని కట్టు బిగిస్తుంటే, ఆమె కళ్ళు సగం మూసి అతని వంక చాలాసేపు చూసింది.

"నా పసుపు చీర నీ మెడ మీద పడుతోంది. చేతుల మీద పడుతోంది. ముఖం మీద మాత్రం పడడం లేదు" అంది.

అతనికి అర్థం కాలేదు. ఆమె విప్పి చెప్పింది. వెలుతురులో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఒకరి రంగు మరొకరి మీద పడుతుంది. ఎర్రచీర కట్టుకున్న తల్లి ఒళ్ళో పిల్ల గడ్డం కింద ఎరుపు దోబూచులాడుతుంది. పచ్చటి తోటలో నిలబడినవాడి చెంప మీద పచ్చదనం ఉంటుంది. దేవుడిచ్చిన చర్మం ఏదైనా పక్కవారి రంగు కొంచెం తాగుతుంది. మాయతో చేసిన చర్మం తన రంగు చూపించడమే గానీ ఎదుటివారి రంగు పుచ్చుకోదు.

"అందుచేత ఈ ముఖం నీది కాదు. నోరు తెరవకు. చెప్పగలిగిన సంగతే అయితే ఈపాటికి చెప్పి ఉండేవాడివి" అంది వర్ణావతి.

హర్షకేతుడు ఆమె పాదాల మీద తల ఆనించాడు. ఆమె ఏమీ అడగకుండా తన సంగతి తాను చెప్పుకుపోయింది. మరాళపురి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. అక్కడ యువరాజుకు పట్టాభిషేకం జరగబోతోంది. పట్టాభిషేకం నాడు రాజకుటుంబమంతా కలిసి ఉన్న చిత్రాన్ని వంశమండపంలో ఉంచడం ఆ దేశాచారం. పాత చిత్రాలన్నీ సముద్రపు గాలికి గోడల మీంచి పెచ్చులూడిపోతున్నందున, ఈసారి నూనె రంగులతో వేయించాలని ధీరవర్మ మహారాజు కోరిక. పట్టాభిషేకంతో పాటే మరాళదేశపు సముద్రముద్రిక యువరాజు వేలికి ఎక్కుతుంది. ఓడలూ కోటలూ సైన్యాలూ ఆ ఉంగరం చెప్పినట్టు వింటాయి.

కట్టు కడుతున్న అతని వేళ్ళు వణికాయి. ఆ ఉంగరం ధూమ్రకేశుడి వేలికి ఎక్కితే, తర్వాత తల్లిదండ్రుల ప్రాణాలకు చిల్లిగవ్వ విలువ ఉండదని అతనికి తెలుసు.

వర్ణావతి ఆ వణుకు చూసింది. "మరాళపురి పేరు చెబితే నీ చేతులు మాట్లాడుతున్నాయి. మంచిది. ఈ చెయ్యి అతికేలోగా ఓడ వచ్చేస్తుంది. నా శిష్యుణ్ణి పంపిస్తానని చెబుతాను. నోటితోనూ రాతతోనూ చెప్పలేనిది చిత్రంతో చూపించు. రేపు పొద్దున్నే రంగులు నూరడం మొదలుపెట్టు" అంది.

కత్తి పట్టిన చేతికి కుంచె లొంగలేదు. మొదటి రోజుల్లో అతను కుంచెను పిడిబాకులా పట్టుకునేవాడు. ఆమె ఎడమచేతిలో కానుగ బెత్తం పట్టుకుని పక్కన కూర్చుని, మణికట్టు మీద మెల్లగా తట్టి, వేళ్ళ చివర పట్టుకోమనేది. బట్టను చట్రానికి డప్పులా బిగించడం, జిగురు పూయడం, ఆ పైన సుద్దపూత వేసి నున్నగా రుద్దడం నేర్పింది. రాయి మీద రంగును నూనెతో వెన్న అయ్యేదాకా నూరించింది. అడుగుపూతలో సరళతైలం ఎక్కువ కలిపి పలచగా ఉంచాలి, పైకి వెళ్ళేకొద్దీ అవిసెనూనె పెరగాలి, లేకపోతే ఆరాక పైపూత ఎండిన చెరువులా బీటలు వారుతుందని చెప్పింది. అతను పోరుబాటలో పెరిగినవాడు. కోటగోడకు పునాది ఎలాగో దీనికీ అలాగే అని తనలో తాను అనుకుని వెంటనే పట్టేశాడు.

ఆమె విద్యను చూసినకొద్దీ అతనికి ఆశ్చర్యం పెరిగింది. ఒకనాడు ఆమె అతనిచేత కేవలం ఎర్రమన్ను, కొంచెం నల్లమసి, సఫేదా కలిపించి, ఎడమచేత్తో నాలుగు గీతలు గీసింది. ఆ నాలుగు గీతల్లో పడవ లాగుతున్న మనిషి వీపు, దాని అలసటతో సహా లేచి నిలబడింది. యుద్ధభూమిలో ఎందరో వీరులను చూసిన హర్షకేతుడు, గెలుపు ఇంత నిశ్శబ్దంగా కూడా ఉంటుందని అప్పుడే చూశాడు.

తర్వాత ఆమె అతన్ని పడవల వడ్రంగి సింగన్న ఇంటికి తీసుకువెళ్ళి, ఆ కుటుంబాన్ని ఒక్క బట్ట మీద దించమంది. సింగన్న, భార్య, పండు ముసలి తండ్రి, ఆడపిల్లలు అరుగు మీద కూర్చున్నారు. హర్షకేతుడు ఒక్కొక్కరినే తీసుకుని, కళ్ళూ ముక్కూ చెవులూ తప్పిపోకుండా శ్రద్ధగా వేశాడు. పోలికలు బాగానే కుదిరాయి. సింగన్న ఇంటివాళ్ళు సంతోషించారు. అతను కూడా కొంచెం గర్వంగానే గురువు వైపు తిరిగాడు.

వర్ణావతి చిత్రాన్ని అటూ ఇటూ చూసి, రంగుల చాకు తీసి పైనుంచి కిందిదాకా గీకేసింది.

"వీళ్ళు సంతలో పక్కపక్కన నిలబడినవాళ్ళు. ఒకరినొకరు ఎరగరు" అంది. "ముఖాలు తర్వాత. ముందు కళ్ళు సగం మూసుకుని చూడు. ఎవరు ఎవరి మీదికి ఒరిగారు, ఎవరి నీడ ఎవరి మీద పడింది, మనిషికీ మనిషికీ నడుమ ఖాళీ ఏ ఆకారంలో ఉంది, అది వెయ్యి. కుటుంబం ఉండేది ఆ ఖాళీలోనే."

అతను కళ్ళు సగం మూశాడు. ముఖాలు కరిగిపోయాయి. ముసలాయన భుజమూ కోడలి చేయీ కలిసి ఒకే ముదురు రంగు ముద్దయ్యాయి. చిన్నపిల్ల తల ఆ ముద్దలో ఒక వెలుగు చుక్క. సింగన్న చూస్తున్నది చిత్రకారుణ్ణి కాదు, దగ్గుతున్న తండ్రిని. మర్నాడు హర్షకేతుడు గోధుమరంగు అడుగుపూతతో ఆ ముద్దలను మాత్రమే వేశాడు. అది ఆరాక దాని మీద ముఖాలు ఎక్కించాడు. నీడలో నలుపు వేయకుండా నీలమూ ఎరుపూ కలిపాడు. చర్మం కింద లేత ఆకుపచ్చ పరిచి, దాని మీద పసుపుమన్నూ ఇంగిలీకమూ పలచగా లాగాడు. చివర కోడలి ఎర్రరవిక రంగును కుంచె కొసన కొంచెం తీసుకుని ముసలాయన చెంప కింద తాకించాడు. అంతే, వాళ్ళంతా ఒక ఇంటివాళ్ళయిపోయారు. సింగన్న భార్య ఆ చిత్రం చూసి మామగారి కాళ్ళ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

వర్ణావతి ఈసారి చాకు తీయలేదు. తన కుంచెల సంచి విప్పి ముంగిస వెంట్రుకల సన్నకుంచెను అతని చేతిలో పెట్టింది. "కనిపించనిది వెయ్యకు. కనిపించింది దాచకు. నీకు నేను చెప్పగలిగింది ఇంతే" అంది.

మరాళపురి ఓడ మర్నాడే వచ్చింది.

హర్షకేతుడు రేవులో దిగాడు. పాలరాతి బురుజుల మీద హంస పతాకాలు ఎగురుతున్నాయి. తాను ఈదిన కందకంలో కలువలు పూశాయి. ద్వారపాలకుడు, చిన్నప్పుడు తనను భుజాన మోసినవాడే, మచ్చల ముఖం చూసి పెట్టెలన్నీ విప్పి సోదా చేసి లోపలికి వదిలాడు. అతను పేరు అడిగితే హర్షకేతుడు గొగ్గయ్య అని చెప్పాడు.

తూర్పు మండపంలో పొద్దుటి వెలుతురు పడేచోట రాజకుటుంబాన్ని కూర్చోబెట్టారు. నడుమ ధీరవర్మ మహారాజు, ఎడమపక్క ఎర్రపట్టు ఉత్తరీయం కప్పుకున్న మహారాణి మందారవతీదేవి, ఆమె వెనక ఎత్తుపీట మీద రాజమాత, మహారాణి మోకాలికి ఆనుకుని హర్షకేతుడి చెల్లెలు మంజులిక. ఆ పక్కనే, మహారాణి భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, హర్షకేతుడి ముఖంతో ధూమ్రకేశుడు కూర్చున్నాడు.

తన కళ్ళూ తన పెదవులూ తన నొసటి మచ్చా ఎదుట కూర్చుని తనను చూసి చిరునవ్వు నవ్వుతుంటే, హర్షకేతుడి చేతిలోని బొగ్గు పుటుక్కున విరిగింది. ఇంకో ముక్క తీసుకుని, కళ్ళు సగం మూసి, మనుషుల నడుమ ఖాళీలను గీయడం మొదలుపెట్టాడు.

ఇంట్లో పెరిగినన్నాళ్ళూ అతను ఎన్నడూ ఇంతసేపు తనవాళ్ళను చూసి ఎరగడు. తండ్రి కుడిచెయ్యి ఖడ్గం మీద ఉన్నా ఎడమచెయ్యి ఎప్పుడూ తల్లి ఆసనం కోడు మీదే ఉంటుందని ఇప్పుడు చూశాడు. తొంభై దాటిన రాజమాత వీపు ఆనించకుండా పూటంతా కూర్చుని, నొప్పి అని ఒక్క మాట అనలేదు. తల్లి మాట్లాడకుండానే మంజులిక జారిన పైటను సర్దేది. ఇంత చక్కనివాళ్ళ నడుమ పెరిగి, వేటలంటూ గుర్రాలంటూ బయటే తిరిగానా అని అనుకున్నాడు. ఆ మెచ్చుకోలు అంతా కుంచెలోకి దిగింది.

మంజులిక ఒక్కతే కదలకుండా కూర్చోలేక కబుర్లు చెప్పేది. అన్న వేట నుంచి వచ్చాక తనను ఏడిపించడం మానేశాడనీ, పిలిస్తే మర్యాదగా "ఏమమ్మా" అంటున్నాడనీ, అదేమీ బాగాలేదనీ చిత్రకారుడికి ఫిర్యాదు చేసింది. అతను తల వంచుకుని రంగు కలుపుతూ ఉండిపోయాడు.

వింత ఏమిటంటే, అందరి ముఖాలూ రోజుకో రకంగా కనిపించి అతన్ని ముప్పుతిప్పలు పెట్టాయి. రాజమాతకు నిద్ర పట్టని నాడు కళ్ళ కింద నీలం చేరేది. మహారాజు సభలో కోపగించిన నాడు చెవులు ఎర్రగా ఉండేవి. ధూమ్రకేశుడి ముఖం మాత్రం ఒక్క పూటలో కుదిరిపోయింది. అది ఎన్నడూ మారేది కాదు. మహారాణి ఎర్ర ఉత్తరీయం అంత దగ్గరగా వెలుతురులో మండుతున్నా, ఆ చెంప మీద ఎరుపు ఛాయ ఒక్క చుక్కయినా లేదు. హర్షకేతుడు కనిపించినట్టే వేశాడు.

తాను అంటించిన ముఖాన్ని గుర్తుపట్టినా, వీడు నోరు విప్పలేడన్న ధీమాతో ఊరుకున్న మాంత్రికుడికి ఇప్పుడు చిత్రం మీద అనుమానం తగిలింది. ఒక ఉదయం మండపం తలుపు తీసేసరికి చిత్రంలో ముఖాలన్నీ గుడ్డతో తుడిచేసి ఉన్నాయి. పని ఇక పట్టాభిషేకానికి అందదని యువరాజు వేషంలోని ధూమ్రకేశుడు విచారం నటించాడు. అయితే నూనె రంగుల సంగతి అతనికి తెలియదు. తుడుచుకుపోయింది పచ్చిగా ఉన్న పైపూత మాత్రమే. అడుగున ఆరిన గోధుమరంగు పూతలో కుటుంబమంతా చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. హర్షకేతుడు సరళతైలంతో దాన్ని శుభ్రం చేసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. రాజమాత మళ్ళీ వచ్చి ఎత్తుపీట మీద కూర్చుంది. రెండోసారి ముఖాలు మొదటిసారికంటే బాగా వచ్చాయి.

ఇంకో ఉదయం సఫేదా భరిణె మూత తీయబోతే లోపల బుస వినిపించింది. అతను మూత అదిమిపెట్టి, భరిణెతో సహా కందకంలోకి విసిరేసి, కొత్త భరిణెలో రంగు నూరుకున్నాడు.

పట్టాభిషేకం నాటి ఉదయం వంశమండపం సామంతులతో, పురోహితులతో, పౌరులతో కిక్కిరిసింది. శంఖాలు మోగాయి. సముద్రముద్రిక బంగారు పళ్ళెంలో సిద్ధంగా ఉంది. మహారాజు చెయ్యి ఊపగానే సేవకులు చిత్రం మీది పట్టుతెర లాగారు.

సభ అంతటా ఒక నిట్టూర్పు పాకింది. అది బట్ట అని మరిచిపోయి, వెనక వరుసలోని వృద్ధ సామంతుడొకడు రాజమాతకు చేతులు జోడించాడు. మహారాజు కళ్ళు చెమర్చాయి. మహారాణి ఒక్కతే ఆసనం దిగి చిత్రం దగ్గరకు నడిచింది.

"మంజులిక గడ్డం కింద నా ఉత్తరీయం ఎరుపు ఉంది. అత్తగారి చేతి మీద ఉంది. మహారాజు భుజకీర్తుల మీద కూడా ఉంది. అందరికంటే నాకు దగ్గరగా కూర్చున్నవాడు నా కొడుకు. వాడి మీద ఎందుకు లేదు?" అని అడిగింది.

"కనిపించలేదు మహారాణీ. అందుకే వెయ్యలేదు" అన్నాడు హర్షకేతుడు.

ధూమ్రకేశుడు నవ్వుతూ, పనిరాని చిత్రకారుణ్ణి పిలిపించుకున్నామనీ, ముహూర్తం మించిపోతోందనీ, ఉంగరం తొడగమనీ తండ్రిని తొందర పెట్టాడు. మందారవతీదేవి వినలేదు. ఉత్తరీయం తీసి, అతన్ని గవాక్షం దగ్గర ఎండలో నిలబెట్టి గడ్డం కింద పట్టింది. ఆమె చేతులు ఎర్రబడ్డాయి. పక్కనున్న పాలరాతి స్తంభం ఎర్రబడింది. ఆ ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది. సభలో గుసగుసలు లేచాయి.

"అది పట్టు లోపం అమ్మా. అదుగో, ఆ చిత్రకారుడి ముఖం కింద కూడా పట్టి చూడండి. వాడి మీద కూడా పడదు" అన్నాడు మాంత్రికుడు తొందరలో.

మహారాణి హర్షకేతుడి ఎదుటికి వచ్చింది. ఉత్తరీయం పట్టింది. నిజమే, మచ్చల ముఖం మీద ఎరుపు లేదు. కానీ మెడ మీద ఉంది. భుజం మీద ఉంది. రంగు మరకలతో ఉన్న రెండు చేతుల మీదా, దీపపు వెలుగు సోకినట్టు, ఉంది. ఆమె ఆ చేతులను చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ఎండలో నిలబడిన కొడుకు ముఖాన్ని చూసింది. చిత్రకారుడి అసలు ముఖం ఇంకొకడికి చేరిందని ఆ తల్లికి ఇట్టే తెలిసిపోయింది.

"హర్షకేతూ" అని పిలిచింది, చిత్రకారుణ్ణి చూస్తూ.

అతను తన నోటితో చెప్పలేదు, చేత్తో రాయలేదు. చెప్పకుండానే తెలుసుకునేవాళ్ళు ఉంటారని ధూమ్రకేశుడు తలచలేదు. తల్లి అసలు పేరుతో పిలవగానే మాయ విడి, మచ్చల ముఖం ఎండిన మట్టిలా పెచ్చులుగా రాలిపోయింది. దాని కింద అసలు ముఖం, ఎర్రపట్టు ఛాయలో, అందరి ఎదుటా వెలిగింది. మహారాజు కత్తి దూశాడు.

మాంత్రికుడి ఒంటిమీది రాజవస్త్రాలు పేలికలైపోయాయి. పొగ రెక్కలు, ఇనుప గోళ్ళు, మనిషంత ముక్కు ఉన్న గండభేరుండం ఒకటి మండపం నిండా లేచింది. అది ముద్రిక వైపు దూకింది. మహారాజు కత్తి అడ్డుపడేసరికి పక్కకు తిరిగి, మంజులికను గోళ్ళతో ఎత్తి, గవాక్షాన్ని బద్దలు కొట్టుకుని ఆకాశంలోకి లేచింది.

హర్షకేతుడికి ఆయుధం వెతికే వ్యవధి లేదు. మొలకు వేలాడుతున్న రంగుల చాకు, సఫేదా భరిణె మాత్రమే ఉన్నాయి. పరుగున వెళ్ళి గవాక్షం అంచు మీంచి ఎగిరి పక్షి తోక ఈకలు అందుకున్నాడు. కింద మరాళపురి మేడలు గవ్వలంతై, కందకం తీగంతై, చివరికి నీలిసముద్రం ఒక్కటే మిగిలింది.

పక్షి విదిలించింది. అతను ఈక వెనక ఈక పట్టుకుని వీపు మీదికి పాకాడు. కిందినుంచి చెల్లెలి గొంతు వినిపించింది. ఏడుపు కాదు. "చిత్రకారుడా, నిజంగా నువ్వు మా అన్నవేనా?" అని అడుగుతోంది.

"కాకపోతే నీ పిల్లికి మీసాలు కత్తిరించింది ఎవరు?" అన్నాడు అతను, తన పాత గొంతుతో.

మంజులిక అతని వైపు చెయ్యి పైకి చాచింది.

పక్షి మెడ తిప్పి ముక్కుతో పొడవబోయింది. హర్షకేతుడు ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నాడు. భరిణె మూత పళ్ళతో లాగి, చాకు నిండా వెన్నలాంటి సఫేదాను తీసి, దాని ఒక కంటి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మందంగా పూశాడు. రెండో కంటికి భరిణెనే బోర్లించాడు. నీటిరంగు అయితే గాలికి ఆరి రాలిపోయేది. నూనె రంగు రుద్దినకొద్దీ రెప్పల కిందికి పాకింది. గుడ్డిదైన గండభేరుండం మనిషి గొంతుతో అరిచి, దిక్కు తెలియక గిరికీలు కొడుతూ కిందికి జారసాగింది.

అప్పుడతను కింద ఏముందో చూశాడు. సముద్రం నడుమ నల్లటి కొండ ఒకటి, దాని శిఖరం నుంచి లేస్తున్న చిక్కటి పొగ. ధూమ్రకేశుడి నివాసమైన ధూమ్రగిరి. పొగ కాస్త విడినప్పుడల్లా లోపల వందల ముఖాలు వేలాడుతూ కనిపించాయి. ముసలివాళ్ళవీ, స్త్రీలవీ, రాజులవీ, భిక్షుకులవీ. మాంత్రికుడు ఇన్నేళ్ళుగా దొంగిలించిన ముఖాలవి. అన్నీ కళ్ళు తెరిచి పైకి చూస్తున్నాయి.

పక్షి నేరుగా కొండరాయి మీదికి పోతోంది. ఇంకొక్క గిరికీ తిరిగితే చెల్లెలు నలిగిపోతుంది. హర్షకేతుడు దాని రొమ్ము ఈకల మీదుగా జారి, గోళ్ళ నడుమకు చాకు దిగవేసి తిప్పాడు. గోళ్ళు సడలాయి. మంజులికను ఎడమచేత్తో నడుము చుట్టి పట్టుకున్నాడు.

"కళ్ళు మూసుకోనా?" అని అడిగిందామె.

"తెరిచే ఉంచు. వీటిని కూడా వాటి మనుషులకు చేర్చాలి. ఆ ముఖాలలో ఒక్కటైనా మనవైపు చూసి నవ్వితే, ఎక్కడుందో నాకు చెప్పు" అన్నాడు హర్షకేతుడు.

పక్షి రాతికి కొట్టుకునేలోగా చెల్లెలిని గుండెకు హత్తుకుని, పొగ కక్కే ఆ కొండ నోట్లోకి దూకాడు.